సన్నాహక అంతరాయం

ఎలుకల మీద నాకు వ్యక్తిగతంగా కోపం ఏమీ లేదు. మా ఆసుపత్రి స్టోరు గదిలో పరుపులు కొరికి, ఆ దూదిలో పిల్లల్ని పెట్టుకునే ఎలుకల్ని కూడా ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. కానీ ఎక్కడో ఓ ప్రయోగశాలలో మత్తులో పడుకున్న ఎలుకలు మా జిల్లా ఆసుపత్రిని ఇంత పని చేస్తాయని మాత్రం అనుకోలేదు.

నేను అక్కడ సర్జన్‌ని. పేగులు కోయడం, కుట్టడం నా ఉద్యోగం. పేగుకు రక్తం అందకపోతే అది నల్లబడి చచ్చిపోతుంది. ఎలుక పేగైనా అంతే. అయితే ఎవరో పరిశోధకులు ఎలుక పేగుకు వెళ్లే రక్తనాళాన్ని ముందుగా కాసేపు నొక్కి వదిలారట. మళ్లీ నొక్కి వదిలారట. ఆ తర్వాత ఎక్కువసేపు నొక్కితే, అలా అలవాటు పడ్డ పేగు కొంత తక్కువ దెబ్బతిన్నదట. చిన్న అంతరాయాలు పెద్ద అంతరాయం నుంచి కాపాడాయన్న మాట. ఇది ఎలుకల్లో జరిగింది, మనుషుల్లో ఇంకా తేలలేదు, తొందరపడి ఎవరూ ఏమీ చేయకూడదు అని ఓ వైద్య సదస్సులో ఉపన్యాసం చివర చెప్పారట. ఆ చివరి భాగం జరుగుతున్నప్పుడు మా సూపరింటెండెంటు డాక్టర్ మార్కండేయులు గారు భోజనాల దగ్గర ప్లేటు పట్టుకుని నిలబడి ఉన్నారని నా గట్టి అనుమానం.

ఆయన ఆ సదస్సులో ఉన్న రోజే మా ఓపీకి షేక్ సిలార్ సాహెబ్ వచ్చాడు. మా చుట్టుపక్కల పెళ్లిళ్లలో ఆయన నాదస్వరం లేకపోతే పెళ్లివారికి ఏదో లోటుగా ఉంటుంది. తాతల నాటి నుంచి అదే విద్య, అదే బతుకు. బక్కపలచని మనిషి, తెల్లటి జుబ్బా, చెవులకు పోగులు. వెంట భార్య హుస్సేన్‌బీ ఉంది.

“మూఢం వచ్చిందండి, డాక్టరమ్మా. పెళ్లిళ్లు లేవు. ఇప్పుడైతే ఖాళీగా దొరికాను, కోసి కుట్టెయ్యండి. ముహూర్తాలు మొదలైతే మళ్లీ నేను మీకు దొరకను” అన్నాడు.

“ఊదినప్పుడల్లా ఆ గడ్డ కిందికి దిగుతుందమ్మా. ఇంటికొచ్చి పడుకుని, చేత్తో లోపలికి నెట్టుకుంటాడు. చూళ్లేక చస్తన్నాను” అంది హుస్సేన్‌బీ.

చూశాను. హెర్నియా. గజ్జల దగ్గర కండరంలో సందు పడి, ఊదే ఒత్తిడికి పేగు అందులోంచి జారుతోంది. పడుకుంటే ఇప్పటికింకా లోపలికి వెళ్తోంది. ఒకరోజు వెళ్లకుండా ఆ సందులోనే బిగుసుకుపోతుందని, అప్పుడు రక్తం ఆగి పేగు చచ్చిపోతుందని, ఆలస్యం చేస్తే మనిషి కూడా పోతాడని చెప్పాను. భయపెట్టాలని కాదు, ఉన్న నిజమే చెప్పాను. మంగళవారం ఆపరేషన్ పెట్టాను. చిన్న ఆపరేషన్. అప్పుడే చేసేసి ఉంటే బాగుండేదని ఈనాటికీ అనిపిస్తుంది.

సోమవారం సూపరింటెండెంటు గారు సదస్సు వారిచ్చిన సంచీతో సహా తిరిగొచ్చి, అందరినీ సమావేశపు హాలుకు పిలిచారు.

“మిత్రులారా, మన సంస్థ ఎందుకు బలహీనంగా ఉంది? కరెంటు పోతే అల్లాడుతున్నాం. నీళ్లు రాకపోతే అల్లాడుతున్నాం. కారణం ఏమిటి? మనకు అంతరాయాల మీద సరైన శిక్షణ లేదు. విజ్ఞానశాస్త్రం ఈనాడు స్పష్టంగా తెలియజేస్తున్నది ఏమిటంటే, అంతరాయమే రక్షణ. కనుక ఈ క్షణం నుంచి మన ఆసుపత్రిలో సన్నాహక అంతరాయ పథకాన్ని ప్రారంభిస్తున్నాను” అన్నారు. అని మైకు ఆపించారు. తర్వాత చెప్పిందంతా మైకు లేకుండానే చెప్పారు. వెనక వరసల వాళ్లకు వినపడలేదు. అది కూడా పథకంలో భాగమేనని ముందు వరసల వాళ్లు వెనక్కి కబురందించారు.

నేను లేచి, “సార్, అది ఎలుకల్లో” అన్నాను.

ఆయన నా వంక జాలిగా చూశారు. “డాక్టర్ హైమవతి గారూ, ఎలుకను మీరు చులకన చేయడం బాధాకరం. ఎలుక తట్టుకున్నది మనిషి తట్టుకోలేడా? మానవజాతి మీద మీకు ఆ మాత్రం విశ్వాసం లేదా?”

హాలంతా చప్పట్లు కొట్టింది. మానవజాతి మీద విశ్వాసం లేదని చెప్పే ధైర్యం నాకు లేక కూర్చున్నాను.

మొదట లిఫ్టు. ఆపరేషన్ థియేటరు మూడో అంతస్తులో ఉంది. లిఫ్టును రోజూ కాసేపు ఆపడం మొదలుపెట్టారు, మెట్లకు రోగులు అలవాటు పడాలని. తర్వాత నీళ్లు. తర్వాత వార్డుల్లో ఫ్యాన్లు. క్యాంటీన్లో సాంబారుకు అంతరాయం ఇచ్చారు, ఇడ్లీ సొంత కాళ్ల మీద నిలబడటం నేర్చుకోవాలని. ఓపీలో డాక్టర్లు రోగి నాలుక చాపమన్నాక లేచి బయటికి వెళ్లి కాసేపాగి రావాలి. డాక్టరు లేకుండా బతకడం రోగికి ఆ విధంగా మప్పుతున్నామని గోడ మీద బోర్డు కూడా రాయించారు. రోగులు నాలుకలు చాపి కూర్చునేవారు.

వీటన్నిటికీ ఎలక్ట్రీషియన్ కోటిలింగాన్ని అంతరాయ పర్యవేక్షకుడిగా నియమించారు. ఆపడం తప్ప వేరే పని లేదు గనుక ఆయన ఆ ఉద్యోగాన్ని చాలా శ్రద్ధగా చేశాడు.

చిక్కల్లా అసలు కరెంటు కోతలతో వచ్చింది. ఓ మధ్యాహ్నం సన్నాహక అంతరాయం ఇవ్వాల్సిన వేళకు కరెంటు దానంతటదే పోయింది. కోటిలింగం పరుగున సూపరింటెండెంటు గదికొచ్చాడు. నేను సిలార్ సాహెబ్ సంగతి మాట్లాడదామని అక్కడే ఉన్నాను.

“సార్, కరెంటు పోయిందండి. ఇప్పుడు నేనేం ఆపాలండి?”

మార్కండేయులు గారు గంభీరంగా ఆలోచించారు. “ఆ పోయిన దానికి మన అనుమతి ఉన్నదా?”

“లేదండి.”

“అనుమతి లేని అంతరాయం మన లెక్కలోకి రాదు. జనరేటరు వేయించు.”

జనరేటరు వేశారు. లైట్లు వెలిగాయి. బాలింతల వార్డులో ఎవరో హమ్మయ్య అన్నారు కూడా. అప్పుడు కోటిలింగం వెళ్లి జనరేటరు ఆపాడు. పథకం ప్రకారం ఆ పూట అంతరాయం విజయవంతమైంది.

మరో వారానికి ఆయన ఆ సదస్సు సంచీలో ఇంకో కాగితం చదివారు. ఆగిన రక్తం ఒక్కసారిగా తిరిగి వచ్చినప్పుడు కూడా పేగుకు కొంత హాని జరుగుతుందని అందులో ఉంది. ఆ మాట నిజమే. దాంతో ఏదైనా ఆపాక ఒకేసారి పునరుద్ధరించడం ప్రమాదకరమని ఆదేశం వచ్చింది. అప్పటి నుంచి లిఫ్టును తిరిగి వేసిన రోజున మొదటి అంతస్తు దాకానే పంపేవారు. మర్నాడు రెండో అంతస్తు. మూడో అంతస్తుకు చేరేలోగా మళ్లీ ఆపే వేళ వచ్చేసేది. ఆ విధంగా లిఫ్టు మూడో అంతస్తును చూడటం మానేసింది.

ఇక సిలార్ సాహెబ్. పథకం ప్రకటించిన మర్నాడే, మంగళవారం ఆయన్ని పొద్దుటి నుంచి ఏమీ తినకుండా ఉంచి, పచ్చగౌను తొడిగించి, థియేటరు గుమ్మం దాకా తెచ్చాం. గుమ్మం దగ్గర సూపరింటెండెంటు గారు స్వయంగా నిలబడి ఉన్నారు.

“ఈయనకు ఇవాళ సన్నాహక వాయిదా” అన్నారు.

“సార్, పేగు ఇరుక్కుంటే చచ్చిపోతాడు” అన్నాను.

“సరిగ్గా అందుకే. రేపు ఇరుక్కుంటే తట్టుకోవాలి కదా. ఈయన్ని మనం పటిష్ఠం చేస్తున్నాం.” అని సిలార్ సాహెబ్ భుజం తట్టారు. “మీరు అదృష్టవంతులు. మన జిల్లాలో శాస్త్రీయంగా వాయిదా పడుతున్న మొట్టమొదటి రోగి మీరే.”

సిలార్ సాహెబ్ నా మొహం చూశాడు, ఆయన మొహం చూశాడు. “ఈ వాయిదా సంగతి నా పేగుకు తెలుసుద్దంటారా, బాబూ?” అని మర్యాదగా అడిగాడు.

“శరీరానికి అన్నీ తెలుస్తాయి” అన్నారు మార్కండేయులు గారు.

తర్వాతి మంగళవారం మళ్లీ గౌను, మళ్లీ గుమ్మం, మళ్లీ వాయిదా. ప్రతిసారీ హుస్సేన్‌బీ బయట బల్ల మీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకునేది. నేను సూపరింటెండెంటు గారితో అరిచాను, బతిమాలాను, పైవాళ్లకు ఫోను చేశాను. పైవాళ్లు ఆ పథకం గురించి వివరంగా చెప్పమని అడిగి, చాలా బాగుందన్నారు. వేరే ఊరి పెద్దాసుపత్రికి వెళ్లమని సిలార్ సాహెబ్‌కి నేనే చెప్పాను. “మీ చెయ్యి మీద నమ్మకమండి. ఇంకొకరి చేత కోయించుకోను” అన్నాడు. ఆ నమ్మకం నాకు నిద్ర లేకుండా చేసింది.

మూఢం వెళ్లిపోయింది. ముహూర్తాలు మొదలయ్యాయి. ఆయన నాదస్వరం పట్టుకుని వెళ్లిపోయాడు.

పథకం ఖ్యాతి రాజధాని దాకా పాకి, దాన్ని కళ్లారా చూడటానికి డైరెక్టరు శరభేశ్వరరావు గారు వస్తున్నారని కబురొచ్చింది. మా సూపరింటెండెంటు గారు పోర్టికోలో మామిడాకులు కట్టించి, స్వాగతానికి మేళం పెట్టించారు. ఆ మేళం సిలార్ సాహెబ్‌దే. నేను ఓపీలోంచి నాదస్వరం విని బయటికి పరుగెత్తాను.

“ఎందుకొప్పుకున్నావయ్యా?” అన్నాను.

“ఆసుపత్రి వారు పిలిస్తే రానంటే బాగుంటదా అండి. కాసేపే గదా” అన్నాడు నవ్వుతూ.

కాసేపు కాలేదు. పొద్దున్నే వస్తారన్న డైరెక్టరు గారు మధ్యాహ్నమైనా రాలేదు. కారు మలుపు తిరిగిందని ఎవరో అనగానే సూపరింటెండెంటు గారు ఊదమనేవారు. అది వేరే కారు. మళ్లీ ఇంకో కారు. నేను రెండు సార్లు వెళ్లి ఆపమన్నాను. ఆపితే ఆ నిమిషంలోనే వస్తారేమోనని మార్కండేయులు గారు నన్ను పక్కకు నెట్టారు. ఆసుపత్రి మొత్తంలో ఆ రోజు అంతరాయం లేకుండా సాగింది ఆ ఒక్కటే. అసలు కారు వచ్చి ఆగేసరికి సిలార్ సాహెబ్ ఓ పెద్ద స్వరం అందుకున్నాడు. అది సగంలో తెగింది. గజ్జలు పట్టుకుని ఆయన పోర్టికో మెట్ల మీదే కూలబడ్డాడు.

గడ్డ గట్టిపడి ఉంది. నెడితే లోపలికి వెళ్లలేదు. మనిషి చెమటలు కక్కుతూ వాంతి చేసుకున్నాడు. పేగు ఇరుక్కుంది, రక్తం ఆగిపోతోంది. ఇక ప్రతి నిమిషమూ ఆ పేగుదే.

“లిఫ్టు” అని అరిచాను.

“ఇవాళ మొదటి అంతస్తు రోజు, మేడమ్” అన్నాడు కోటిలింగం.

డోలు వాయించే వాళ్లు డోళ్లు అక్కడే దించి, స్ట్రెచరు ఎత్తుకుని మెట్లెక్కారు. హుస్సేన్‌బీకి కబురు పంపమని చెప్పి నేను ముందు పరుగెత్తాను. వెనక నుంచి సూపరింటెండెంటు గారి మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. “చూశారా సార్, దైవికంగా ఎలా కుదిరిందో. ఈయన మన వాయిదాలన్నీ తీసుకున్న రోగి. ఇంతగా సన్నద్ధమైన పేగు రాష్ట్రంలో ఇంకొకటి లేదు.”

మత్తిచ్చి, కోసి, బిగుసుకున్న సందును వెడల్పు చేసి పేగును బయటికి తీశాను. జానెడు ముక్క నేరేడు పండు రంగులో ఉంది. కదలిక లేదు. ఇలాంటప్పుడు తొందరపడి కోసి పారేయకూడదు. వెచ్చటి సెలైన్ నీళ్లలో తడిపిన గుడ్డలు కప్పి, మత్తు డాక్టరు చేత ఆక్సిజన్ పూర్తిగా ఇప్పించి, కాసేపు ఆగి, రంగు తిరుగుతుందేమో చూడాలి. చూడటానికి వెలుతురు కావాలి. అసలు కావాల్సింది అదే.

మా సిస్టర్ మేరీకరుణ గుడ్డలు కప్పుతూ ఉండగా తలుపు తెరుచుకుంది. గౌన్లు, మాస్కులు తగిలించుకుని డైరెక్టరు గారు, సూపరింటెండెంటు గారు. వాళ్ల వెనక స్విచ్చిబోర్డు మీద చెయ్యి వేసి కోటిలింగం.

“సార్, ఇప్పుడు తమ సమక్షంలో ఈ పేగుకు లైట్లు, ఆక్సిజన్ రెండింటిలోనూ ఓ చిన్న అంతరాయం ఇచ్చి, దాని సన్నద్ధతను నిరూపిస్తాం” అన్నారు మార్కండేయులు గారు.

తిట్టు నాలుక దాకా వచ్చింది. కత్తి చేతిలో ఉండగా తిట్టకపోవడమే మంచిదనిపించింది. తిడితే బయటికి పంపించి వేరే డాక్టర్ని పెడతారు. ఆ వేరే డాక్టరు ముందు నాలుక చాపమని బయటికి వెళ్తాడు. ఎలుకల గురించి చెప్పీ లాభం లేదు. చివరికి వాళ్ల భాషలోనే చెప్పాలని తోచింది.

“సార్, ఈ పథకం మొదలైనప్పటి నుంచి ఒక్క రోజు కూడా ఆగలేదు” అన్నాను డైరెక్టరు గారితో. “రేపు ఎవరైనా దీన్ని హఠాత్తుగా ఆపేస్తే తట్టుకోగలదా? దానికి అలవాటు ఏది? అందుకని ముందుజాగ్రత్తగా, ఈ పూట అంతరాయానికే ఓ సన్నాహక అంతరాయం ఇస్తున్నాం.”

డైరెక్టరు గారు కళ్లు మూసుకుని, తెరిచారు.

“అంటే, పథకాన్ని పరిరక్షించే నిమిత్తం పథకాన్ని నిలుపుదల చేస్తున్నారు.”

“అవును సార్.”

“అత్యున్నత స్థాయి చింతన. ఈ ఆలోచన ఎవరిది?”

సూపరింటెండెంటు గారు నా వైపు చూశారు. మాస్కు వెనక ఆయన మొహం ఎలా ఉందో తెలియదు గానీ, కళ్లు మాత్రం ప్రాధేయపడుతున్నాయి.

“వారిదే సార్” అన్నాను.

కోటిలింగం స్విచ్చి మీద నుంచి చెయ్యి తీశాడు. తీసి దణ్ణం పెట్టుకోవడం నేను చూశాను.

గుడ్డ ఎత్తి చూశాం. ఏ మార్పూ లేదు. మళ్లీ వెచ్చటి గుడ్డలు. మళ్లీ ఎత్తాం. అంచుల్లో ఊదారంగు పలచబడినట్టనిపించింది. నాకు అలా కావాలని ఉంది గనుక అనిపిస్తోందేమో అనుకుని మాట్లాడలేదు. ఇంకోసారి ఎత్తినప్పుడు గులాబీరంగు మధ్య దాకా వచ్చింది. ఓ చిన్న కదలిక ఈ చివర మొదలై ఆ చివరకు పాకింది.

“నడుస్తోంది మేడమ్. స్తోత్రం ప్రభువా” అంది మేరీకరుణ.

నా కళ్లు చెమర్చాయి. చేతులు ఖాళీ లేవు గనుక మేరీకరుణే తుడిచింది. ఒక్క అంగుళం కూడా కోయకుండా పేగును లోపల పెట్టి, సందును మూసి కుట్టేశాను.

ఆ తర్వాత జరిగినదానికి నేను ఆశ్చర్యపోలేదు. పేగు బతికింది వాయిదాల వల్లేనని నిర్ధారించారు. మార్కండేయులు గారికి శాలువా కప్పారు. పథకాన్ని రాష్ట్రమంతటికీ విస్తరించాలని ప్రతిపాదన వెళ్లింది. అంతటితో ఆగక, డైరెక్టరు గారి అబ్బాయికీ, సూపరింటెండెంటు గారి అమ్మాయికీ సంబంధం కుదిరింది. తమ పరిచయానికి కారణమైన సిలార్ సాహెబ్ మేళమే పెళ్లిలో మోగాలని వియ్యంకులిద్దరూ ముచ్చటపడ్డారు.

డిశ్చార్జి నాడు సిలార్ సాహెబ్ నన్ను అడిగాడు. “వాయిదాల వల్లే బతికానంటన్నారండి. నిజమేనా?”

“కాదు. ఆ పూట లైట్లు ఆర్పనివ్వలేదు, అందుకు బతికావు.”

“మరి ఆ మాట ఆయనకెవరు చెబుతారండి?”

“ఎవరు చెప్పినా వినరు.”

“సరే లెండి” అన్నాడు. కుట్లు గట్టిపడే దాకా ఊదొద్దన్నాను. ఊదలేదు. ముహూర్తం కూడా దూరంగానే పెట్టుకున్నారు. పెళ్లికి ముందు వచ్చి చూపించుకుంటే, చల్లగా ఊదుకోవచ్చన్నాను.

పెళ్లికి ఊరి పెద్దలంతా వచ్చారు. నేను మండపం పక్కనే కూర్చున్నాను. సిలార్ సాహెబ్ హాయిగా వాయిస్తున్నాడు. సూపరింటెండెంటు గారు మేళగాళ్ల వైపు తిరిగి, “ఈయన్ని చూడండి, మన పథకానికి సజీవ సాక్ష్యం” అని వచ్చినవాళ్లందరికీ చూపించారు.

ముహూర్తం దగ్గరపడింది. పెళ్లికొడుకు మంగళసూత్రం చేతిలోకి తీసుకుని లేచాడు. పురోహితుడు గట్టిమేళం అని చెయ్యెత్తాడు. ఆ ఘడియలో తుమ్ములూ, అపశకునపు మాటలూ ఎవరి చెవినా పడకూడదనే డోళ్లు, నాదస్వరాలు ఒక్కసారిగా మోగిస్తారు. మోగాయి. పందిరి దద్దరిల్లింది. సూత్రం పెళ్లికూతురు మెడ దాకా వచ్చింది.

సిలార్ సాహెబ్ నాదస్వరం పెదాల మీంచి తీశాడు. డోళ్లు ఆగిపోయాయి.

అంత మంది జనం, చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. అందులో డైరెక్టరు శరభేశ్వరరావు గారు తుమ్మారు. మామూలు తుమ్ము కాదు, గట్టిమేళం అండ చూసుకుని ఎవరికీ వినపడదనుకుని, మొహమాటం లేకుండా తుమ్మిన తుమ్ము.

పెళ్లికొడుకు చేతులు అలాగే ఆగిపోయాయి. వియ్యపురాలు గుండెల మీద చెయ్యి వేసుకుంది.

“ఏమయ్యా, ఎందుకాపావ్?” అన్నారు మార్కండేయులు గారు.

“సన్నాహక అంతరాయం బాబూ” అన్నాడు సిలార్ సాహెబ్ చేతులు కట్టుకుని. “ముందు కాస్త ఆపి ఇస్తే తర్వాత గట్టిగా నిలబడుద్దని తవరే చెప్పారు గదండి. అమ్మాయి గారి కాపరం గట్టిగా ఉండాలని.”

“మొదలెట్టు. తొందరగా మొదలెట్టు.”

ఆయన నాదస్వరం అందుకుని ఒకే ఒక్క సన్నటి స్వరం ఊది ఆపాడు. డోలు ఒక్క దెబ్బ పడింది. “పునరుద్ధరణ మెల్లగా జరగాలండి” అన్నాడు. “ఇయ్యాల మొదటి అంతస్తు దాకే.”

మార్కండేయులు గారు రెండు చేతులూ జోడించారు. ఆయన ఒక మనిషికి దణ్ణం పెట్టడం మా ఊళ్లో ఎవరూ అంతకు ముందు చూడలేదు. “అయ్యా, నీకు పుణ్యముంటుంది. ఆపకయ్యా. ఒకేసారి మొత్తం ఊదు.”

సిలార్ సాహెబ్ వెంటనే ఊదలేదు. జనం మీదుగా నా వైపు చూసి, నడుం దగ్గర చెయ్యి వేసుకుని, మొత్తం ఊదితే కుట్టు ఆగుద్దా అన్నట్టు తల ఎగరేశాడు.

ఆగుతుందని తలూపాను. ఆయన గుండె నిండా గాలి పీల్చుకున్నాడు.

పెళ్లి జరిగిన మర్నాడు డ్యూటీకి వెళ్లి, అలవాటుగా మెట్ల వైపు తిరిగాను. కోటిలింగం లిఫ్టు తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. “రండి మేడమ్, పై దాకా పోద్ది” అన్నాడు.